బొమ్మలతో భావము నేర్పిన కొమీనియస్

పాఠమును తప్పు లేక గడగడ చదివిన బాలుడు, దాని భావమేమని అడిగినంతనే తెల్లమొగము వేయుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే. నోటికి వచ్చిన మాట మనస్సునకు అందకపోవుటయే ఇందులకు కారణము. ఈ చిక్కును గుర్తించి, దానిని విడదీయుటకే జీవితమును ధారవోసిన మహనీయుడు యాన్ ఆమోస్ కొమీనియస్.

ఆయన 1592 మార్చి 28వ తేదీన, నేటి చెక్ దేశములోని మొరేవియా ప్రాంతమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయెను. పదునారేండ్లు వచ్చిన పిమ్మట గాని లాటిన్ చదువు ప్రారంభించు అవకాశము కలుగలేదు. ఆనాడు విద్య యనగా లాటినే. అర్థము తెలియని వ్యాకరణ సూత్రములను బెత్తము భయమున వల్లెవేయుటయే నాటి బడులలోని పద్ధతి. వయస్సు వచ్చిన పిదప ఆ బల్లలపై కూర్చుండవలసి వచ్చుటచే, అందలి లోపములు ఆయనకు స్పష్టముగా గోచరించినవి.

జర్మనీలో విద్య ముగించుకొని, 1616లో చెక్ సోదర సంఘమున మతాచార్యుడై, ఫుల్నెక్ పట్టణములో బోధకుడుగా స్థిరపడెను. అంతలో యుద్ధము వచ్చిపడెను. 1620లో ప్రేగ్ సమీపమున ప్రొటెస్టంటు సేనలు ఓడిపోవుటతో ఆయన అజ్ఞాతవాసము చేయవలసివచ్చెను. 1622లో భార్యయు, ఇద్దరు బిడ్డలును మహమ్మారికి బలియైరి. 1628లో స్వదేశమును విడిచి పోలండులోని లెష్నో నగరమును చేరెను. మరల జన్మభూమిలో నివసించు భాగ్యము ఆయనకు కలుగలేదు.

లెష్నోలో ఉపాధ్యాయుడుగా పనిచేయుచు 1631లో ఒక లాటిన్ వాచకమును ప్రకటించెను. సుమారు 8,000 మాటలను వేయి వాక్యములలో పొదిగి, లోకములోని వస్తువులను, వృత్తులను 100 అధ్యాయములుగా అందులో వివరించెను. మాటను విడిగా గాక, విషయముతో కలిపి నేర్పుట అందలి విశేషము. ఆ పుస్తకము త్వరలోనే యూరపు భాషలలో పెక్కింటిలోనికి అనువదింపబడి ఆయనకు కీర్తిని తెచ్చెను.

అయినను కీర్తి ఆయన కన్నులను కప్పలేదు. 1650లో హంగరీలోని షారోష్‌పటక్ పాఠశాలను తీర్చిదిద్దుటకు ఆహ్వానింపబడి వెళ్ళినప్పుడు, తన వాచకము సైతము అచటి పిల్లలకు కొరుకుడుపడకుండుట చూచెను. లోపమును బాలురపై మోపక, పుస్తకమునే మార్చబూనెను. పాఠములను నాటకములుగా వ్రాసి పిల్లలచే ఆడించెను. బొమ్మల వాచకమును సిద్ధపరచెను. కాని ఆ బొమ్మలను చెక్కగల శిల్పి అచట దొరకలేదు. వ్రాతప్రతి జర్మనీలోని న్యూరెంబర్గునకు పోవలసివచ్చెను.

1654లో లెష్నోకు మరలివచ్చిన ఆయనకు మరియొక పిడుగుపాటు కాచుకొనియుండెను. 1656లో యుద్ధాగ్నికి ఆ నగరము ఆహుతియయ్యెను. నలుబది యేండ్లకు పైగా కూర్చిన చెక్ - లాటిన్ నిఘంటువు వ్రాతప్రతులు బూడిదయైనవి. అరువది నాలుగేండ్ల వృద్ధుడు కట్టుబట్టలతో ఆమ్‌స్టర్‌డామ్ నగరమును ఆశ్రయించెను.

రెండేండ్లకు, 1658లో, న్యూరెంబర్గున ఆ బొమ్మల పుస్తకము వెలువడెను. దాని పేరు ఆర్బిస్ పిక్టస్. అనగా చిత్రింపబడిన లోకము. మొదట అక్షరమాల: కాకి కూతతో ఒక అక్షరము, గొర్రెపిల్ల అరుపుతో మరియొకటి. పిమ్మట 150 పాఠములు. పాఠమునకొక బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు, ఆ అంకెలే క్రింది వాక్యములలోని మాటల ప్రక్కనను ఉండును. కమ్మరి పాఠము తెరచిన బాలుడు కొలిమితిత్తిని, పటకారును, దాగలిని, సుత్తిని బొమ్మలో గుర్తించి, అంకెను పట్టుకొని మాటను చేరును. లాటిన్ వాక్యము ప్రక్కనే జర్మను వాక్యమును కలదు. తెలిసిన భాషయు, కంటికి కనబడు వస్తువును తోడై తెలియని భాషలోని భావమును అందించునన్నమాట.

బొమ్మయే సర్వస్వమని ఆయన భ్రమపడలేదు. రంగును, రుచిని సిరాతో చూపజాలము గనుక అట్టివానిని పిల్లలకు ప్రత్యక్షముగా చూపవలెననియు, అరుదైన వస్తువులను పెద్ద పాఠశాలలలో భద్రపరచవలెననియు సూచించెను. బొమ్మలను చూచి గీయుటకు పిల్లలను స్వేచ్ఛగా విడువవలెననియు కోరెను.

మరుసటి యేటనే ఈ పుస్తకము ఇంగ్లీషులోనికి వచ్చెను. శతాబ్దమునకు పైగా యూరపు పిల్లల చేతులలో నలిగెను. జర్మను మహాకవి గోథే సైతము బాల్యమున దీనిని చదివెను. కొమీనియస్ 1670 నవంబరు 15న ప్రవాసములోనే కన్నుమూసెను. ఆయన సమాధి హాలండులోని నార్డెన్ పట్టణమున ఉన్నది. ఆయనను నిలువనీయని చెక్ దేశము నేడు ఆయన జన్మదినమును ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నది.

పండితుల కొరకు నలుబదియేండ్లు శ్రమించి కూర్చిన నిఘంటువు మంటల పాలయ్యెను. చదువు అందని పిల్లల కొరకు కూర్చిన చిన్న పుస్తకము నిలిచెను. బాలునకు అర్థము కానప్పుడు వానిని దండింపక, పాఠమును సవరించుకొనిన గురువు ఆయన. నేటి తరగతి గదిలో ఏ ఉపాధ్యాయుడు ఒక ఆకును చేతబట్టి, దాని పేరును నల్లబల్లపై వ్రాసినను, అది కొమీనియస్ చూపిన బాటయే.