సురవరము ప్రతాపరెడ్డిగారి న్యాయవిద్య

వనపర్తి ప్రాంతమున శ్రీరంగాపురమందలి రంగనాయకస్వామివారి యాలయమును దర్శించినవారు చెఱువునీటిలో నీడదేలు గోపురమును మెచ్చుకొనక మానరు. కాని నిజాముకాలమున అట్టి గ్రామములందలి రైతు భూవివాదమై కోర్టు కెక్కవలసివచ్చినచో వాని గతి యేమైయుండెనో తలచువా రరుదు. న్యాయస్థానపు భాష ఉర్దూ. పెద్దచదువు చదివిన వకీలు న్యాయశాస్త్రము నేర్చినది ఇంగ్లీషున. రైతునకు వచ్చినది తెలుగు. ఈ మూటినడుమ నిలిచి పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారిని మేము నేడు స్మరించుచున్నాము.

వీరు 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించిరి. స్వగ్రామము గద్వాలసీమలోని ఇటిక్యాలపాడు. కర్నూలున చదివి, సంస్కృతము నభ్యసించి, హైదరాబాదు నిజాము కళాశాల దాటి, మదరాసున బి. ఏ., ఆ పిమ్మట బి. ఎల్. పట్టములను బడసిరి. నాడు బి. ఎల్. తరగతిలో చేరుటకు ముందుగా వేరొక పట్ట ముండితీరవలెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనము ఉర్దూలో జరిగెను. కావున తెలంగాణపు యువకులు పొరుగురాజధానులకు పోవుచుండిరి. బూర్గుల రామకృష్ణారావుగారు బొంబాయికేగి ఎల్. ఎల్. బి. తెచ్చుకొనిరి.

లండనుపద్ధతి వేరు. అచ్చట బారిష్టరగుటకు ఆ దినములలో విశ్వవిద్యాలయ పట్టము తప్పనిసరి గాదు. ఇన్నులలో నియమితసంఖ్యలో విందులు భుజించి, పరీక్షలు తేరవలెను. రాజమహేంద్రవరమున రెండవతరగతి ప్లీడరుగా నుండిన టంగుటూరి ప్రకాశముగారు 1904లో సీమకేగి, 1907లో బారిష్టరై మరలివచ్చిరి. మదరాసు పట్టము లేనివానికి మూసియున్న హైకోర్టు వాకిలి, ఓడనెక్కి వచ్చినవానికి తెరువబడెను! ఓడకూలికి, సీమలో బసకు వలయు ధనమే అచ్చటి యసలైన ప్రవేశార్హత యని మాకు తోచుచున్నది. అమెరికాలో నేడును పట్టభద్రుడైన పిమ్మటనే మూడేండ్ల న్యాయవిద్య. ఇంగ్లండున అదియే మొదటిపట్టముగా చదువవచ్చును. మనదేశమున రెండుమార్గములును గలవు.

ఇంత దూరము పోయి తెచ్చుకొనిన పట్టముతో ప్రతాపరెడ్డిగారు ధనము గడించియుండవచ్చును. కొంతకాలము వకీలువృత్తి నవలంబించిరి గూడ. కాని వారి మనస్సు అందు నిలువలేదు. 1926 మే 10న గోలకొండపత్రికను స్థాపించిరి. వెట్టిచాకిరి, అధికారుల యాగడములు అందు విచారణకు వచ్చెను. వాద మంతయు తెలుగున. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరని యొకరు నిందింపగా, వారు కోపింపలేదు, సాక్షులను పిలిచిరి. 1934లో వెలువడిన గోలకొండ కవులసంచికలో 354 గురు కవులు నిలిచిరి. ఇది వకీలుబుద్ధి గాక మరేమి? 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. ఆంధ్రుల సాంఘికచరిత్రమునందును అదే పద్ధతి: రాజుల జయపరంపర నటుంచి, కావ్యములలోని తిండి, బట్ట, ఆట, పన్ను మున్నగువానినుండి సామాన్యుని వాఙ్మూలమును రాబట్టిరి.

1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. మరుసటియేడు ఆగస్టు 25న కీర్తిశేషులైరి. 1955లో సాంఘికచరిత్రమునకు కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించునాటికి వారు లేరు.

శ్రీరంగాపురపు రైతు మాత్రము చాలకాలము కాచుకొనవలసివచ్చెను. ఒక కుటుంబపు ఆస్తివివాదమున తెలంగాణ హైకోర్టు తెలుగున తీర్పు వెలువరించినది 2023లో.