నాటకంతో మనసుకు మందు వేసిన డాక్టరు

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక ఇంటి కింది గది. నాలుగైదేళ్ల పిల్లాడు ఇరుగుపొరుగు పిల్లల్ని పోగేశాడు. ఆ రోజు దేవుడి ఆట. బల్ల మీద కుర్చీలు పైకప్పు దాకా పేర్చి స్వర్గం కట్టారు. దేవుడి వేషం తనదే! కింద దేవదూతలు చేతులాడిస్తూ తిరుగుతున్నారు. దేవుడివి కదా, మరి ఎగరవేం అని అడిగాడొకడు. పిల్లాడు చేతులు చాచాడు. మరుక్షణం నేల మీదున్నాడు. కుడిచెయ్యి విరిగింది.

ఆ పిల్లాడే జేకబ్ లెవీ మొరెనో. పెద్దయ్యాక ఈ సంగతి తనే చెప్పుకున్నారు. చెయ్యి అతుక్కుంది గానీ వేషాల సరదా మాత్రం వదల్లేదు. ఇవాళ కౌన్సెలింగ్ గదుల్లో రోల్‌ప్లే పేరుతో చేయించే సాధనకి మొదటి బాట వేసింది ఆయనే.

వియన్నా వీధుల్లో

మొరెనో 1889లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం వియన్నాకి చేరింది. డాక్టరు చదువు చదువుతూనే పార్కులో పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పేవారు, వాళ్లచేత వేషాలు వేయించేవారు. 1913 ప్రాంతంలో స్పిటెల్‌బర్గ్ అనే పేటలో, పడుపువృత్తిలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. నీతులు చెప్పడానికి కాదు. చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి వాళ్లచేత మాట్లాడించడానికి. మొదట పోలీసుల బెడద గురించి, జబ్బుల గురించి మాట్లాడుకున్నారు. రాను రాను ఒకరి కష్టం మరొకరికి అర్థమైంది. ఒక మనిషికి ఇంకో మనిషే మందు కాగలదని మొరెనోకి అక్కడే తట్టింది. 1917లో డాక్టరు పట్టా చేతికొచ్చింది.

1922 నాటికి ఆయన వియన్నాలో ఒక చిత్రమైన నాటకశాల నడుపుతున్నారు. ముందుగా రాసిపెట్టుకున్న మాటలుండవు. నటులు అప్పటికప్పుడు అల్లుకుని ఆడాల్సిందే. అందులో ఒక నటికి మొరెనో తన పుస్తకాల్లో బార్బరా అని పేరుపెట్టారు. ఆవిడ వేసేవన్నీ సాధ్వీమణుల పాత్రలే. చూసేవాళ్లకి దేవతే! ఇంటికెళ్తే మాత్రం కేకలు, శాపనార్థాలు, చెయ్యి కూడా చేసుకోవడం. భర్త వచ్చి మొర పెట్టుకున్నాడు. మొరెనో ఆవిడకి పాత్రలు మార్చారు. గయ్యాళి, వీధిలో బతుకీడ్చే మనిషి వంటి వేషాలిచ్చారు. కొన్నాళ్లకి ఇంట్లో కోపం వస్తున్నా, రంగస్థలం మీద తను చేసింది గుర్తొచ్చి మధ్యలోనే నవ్వేసేదట. తర్వాత భార్యాభర్తలిద్దరూ తమ ఇంటి గొడవల్నే వేదిక మీద ఆడి చూపించారు. సైకోడ్రామా పుట్టిన కథగా మొరెనో దీన్నే చెప్పేవారు.

అమెరికాలో

1925లో అమెరికా వెళ్లారు. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊళ్లో, ఆడపిల్లల్ని ఉంచి దిద్దే ప్రభుత్వ పాఠశాల నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. మొరెనో ముందుగా పిల్లల్నే అడిగారు, ఎవరితో కలిసి ఉండాలనుందని. వాళ్ల ఇష్టాయిష్టాలు చుక్కలూ గీతలుగా కాగితం మీద గీస్తే, పారిపోయిన వాళ్లు ఒకరితో ఒకరు ముడిపడి ఉన్న సంగతి బయటపడింది. 1936లో బీకన్ అనే ఊళ్లో ఆయన సొంత ఆసుపత్రి పెట్టారు. అందులో రోగుల కోసం ఒక రంగస్థలం!

ఆ ఆసుపత్రికి 1941లో ఒక యువతి మతి చెదిరిన అక్కని తీసుకొచ్చింది. ఆమె పేరు జెర్కా. పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో. అక్కకి వైద్యం కోసం వచ్చిన మనిషి ఆ పనిలోనే ఉండిపోయింది. 1949లో మొరెనోని పెళ్లాడింది. 1958లో క్యాన్సర్ వల్ల కుడిచెయ్యి తీసేయాల్సి వచ్చినా పని మానలేదు. మొరెనోకి గొప్పలు చెప్పుకోవడం ఎక్కువేనని ఆయన్ని ఎరిగినవాళ్లు చెబుతారు. ఆయన ఆలోచనల్ని నలుగురికీ అర్థమయ్యే పాఠాలుగా మలిచింది మాత్రం చాలావరకు జెర్కాయే. 1974లో ఆయన పోయాక కూడా దేశదేశాలు తిరిగి నేర్పింది. 2016లో కన్నుమూసింది.

ఇవాళ మనకేం పనికొస్తుంది?

ఒక మాట ఒప్పుకోవాలి. కోపాన్ని కక్కేస్తే తగ్గిపోతుందన్న నమ్మకాన్ని తర్వాతి పరిశోధనలు బలపరచలేదు. పాత్ర వేసి సాధన చేయడం మాత్రం నిలబడింది. 1960లలో ఓల్పే, లాజరస్ వంటి మానసిక చికిత్సకులు జంకు పోగొట్టడానికి దాన్ని వాడారు. ఇప్పుడది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఒక భాగం.

ఎలాగంటారా? ఒక ఉద్యోగిని అనుకుందాం. జీతమంతా అత్తగారి చేతిలో పెడుతుంది. అమ్మ మందులకి నెలనెలా కొంత పంపాలని ఉంది. అడగాలంటే గొంతు పెగలదు. కౌన్సెలర్ ముందు ఆమె మనసులో తిరిగే ఆలోచనని బయటికి తీస్తారు. అడిగితే నన్ను స్వార్థపరురాలంటారు, ఇల్లు రెండవుతుంది, ఇదీ ఆ ఆలోచన. ఆ తర్వాత కౌన్సెలరే అత్తగారవుతారు. ఈమె అడగాలి. మొదటిసారి మాట తడబడుతుంది, కళ్లు నేల చూస్తాయి. రెండోసారి కాస్త నయం. అప్పుడు కుర్చీలు మారతారు. ఈమె అత్తగారి పాత్రలో కూర్చుంటుంది. ఆ కుర్చీలోంచి చూస్తే, పెద్దావిడకీ ముసలితనంలో చేతిలో డబ్బు ఉండదేమోనన్న బెంగ ఉందేమో అనిపించవచ్చు. మాట మెత్తబడుతుంది గానీ అడగడం మానదు. ఆఖరికి ఇంట్లో అసలు మాట. తను భయపడ్డదెంత, నిజంగా జరిగిందెంత అని తర్వాత బేరీజు వేసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. చెయ్యి చేసుకునే మనిషి ఎదుట ఈ సాధన సరిపోదు. అక్కడ ముందు చూసుకోవాల్సింది మన క్షేమం, ఆ తర్వాతే మాటలు. లోతైన గాయాలున్నవాళ్లు కూడా అనుభవమున్న కౌన్సెలర్ దగ్గరే దీన్ని చేయాలి.

చిన్న చిన్న సంగతులకైతే కౌన్సెలర్ దాకా ఎందుకు? సెలవు అడగాలన్నా, అప్పుతీసుకున్న బంధువుని డబ్బడగాలన్నా, ముందు అక్కనో స్నేహితురాలినో ఎదురుగా కూర్చోబెట్టుకోండి. రెండు కుర్చీలు చాలు. నాలుగుసార్లు తడబడితే తడబడనీండి. అక్కడ పడినా చెయ్యి విరగదు కదా!