మళ్లీ పుస్తకం పట్టిన దుర్గాబాయి: వయసు మీరిందనుకున్న స్త్రీలకు తెరిచిన బడి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినగానే తెలుగువారికి 1923 నాటి కాకినాడ కాంగ్రెస్ సభ గుర్తుకొస్తుంది. ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద, టికెట్ లేదన్న కారణంతో నెహ్రూనే ఆపివేసిన పద్నాలుగేళ్ల స్వచ్ఛంద సేవకురాలు ఆమె. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ ఘట్టం వెనుక, అంతకన్నా కష్టమైన సాహసం ఒకటి మరుగున పడిపోయింది. బడి మానేసిన పన్నెండేళ్లకు పైగా గడిచాక ఆమె తిరిగి అక్షరాల ముందు కూర్చున్నారు.

1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే వివాహమైంది. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని నిర్ణయించుకున్నారు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. ఆంగ్ల మాధ్యమంలో బోధనను నిరసిస్తూ అంతకుముందే బడి విడిచారు. హిందీ నేర్చుకుని, ఇంటి వద్దనే స్త్రీలకు నేర్పసాగారు. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి 1933 వరకు మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైలులో ఏకాంత నిర్బంధాన్ని అనుభవించారు.

చట్టం తెలియక, తమ పక్షాన వాదించేవారు లేక శిక్షలు అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలను ఆమె జైళ్లలోనే చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక అక్కడే కలిగింది. కానీ అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. ఇరవై ఏళ్లు దాటిన స్త్రీ, అందునా భర్తను విడిచి వచ్చిన స్త్రీ, పదో తరగతి పుస్తకాలు తెరవడాన్ని ఆనాటి సమాజం ఎలా చూసి ఉంటుందో ఊహించవచ్చు. ఒకప్పుడు తాను కాదన్న ఆంగ్లాన్నే ఆమె పట్టుబట్టి నేర్చుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షకు ప్రైవేటుగా హాజరై ఉత్తీర్ణులయ్యారు.

బి.ఏ. కోసం వాల్తేరు వెళితే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మహిళలకు వసతిగృహం లేదన్న అడ్డంకి ఎదురైంది. దుర్గాబాయి పత్రికలో ప్రకటన ఇచ్చి, వసతి లేక చదువు ఆగిపోయిన మరికొందరు యువతులను కూడగట్టారు. అందరూ కలిసి వసతిగృహం నడుపుకున్నారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు.

1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బాలికలకు హిందీ నేర్పే చిన్న బృందం నుంచి ఎదిగింది. తాను నడిచిన దారినే ఆమె అక్కడ ఇతరులకు చూపారు. మధ్యలో చదువు ఆగిన స్త్రీలకు బెనారస్ మెట్రిక్ పరీక్షకు శిక్షణ ఇప్పించారు.

రాజ్యాంగ సభ సభ్యత్వం, ప్రణాళికా సంఘం పదవి, 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం అందరికీ తెలిసినవే. 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. పార్లమెంటు తలుపు మూసుకున్న మరుసటి ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె చేసిన పనుల్లో ఎక్కువ మంది స్త్రీల జీవితాలను తాకింది ఈ బోర్డు ద్వారానే.

గ్రామాల్లో సంక్షేమ కేంద్రాలు తెరిచిన బోర్డుకు గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు దొరకలేదు. ఆ శిక్షణకు కావలసిన కనీస విద్యార్హత గ్రామీణ స్త్రీలలో చాలామందికి లేకపోవడమే కారణం. వితంతువులు, భర్త వదిలేసినవారు చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడేవారు. ఈ పరిస్థితిలో బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. ఈ మాటను తెలుగులో సంక్షిప్త కోర్సులని రాస్తుంటాం. పాఠం తగ్గించారేమోనన్న అపోహకు అది తావిస్తుంది. నిజానికి కుదించినది కాలాన్ని. ఏళ్ల తరబడి సాగే చదువును సుమారు రెండేళ్లలో ముగించి, అందరూ రాసే పరీక్షనే ఈ స్త్రీలూ రాశారు. ఉత్తీర్ణులైనవారికి నర్సు శిక్షణకో, ఉపాధ్యాయ శిక్షణకో దరఖాస్తు చేసుకునే అర్హత లభించింది. అందరూ దుర్గాబాయిలా న్యాయవాదులు కానక్కరలేదు. తన ఊరిలో తన జీతంతో తన పిల్లలను పోషించుకోగలగడం కూడా ఈ పథకం లెక్కలో ఉత్తీర్ణతే.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. ఆ కోర్సులు ఆమె తర్వాత కూడా దశాబ్దాల పాటు కొనసాగాయి.