కమ్మరి కొడుకు మైఖేల్ ఫారడే

ఫారడే అనగానే మనకు కరెంటు గుర్తొస్తుంది. డైనమో, ట్రాన్స్‌ఫార్మర్ ఆయన 1831లో కనుగొన్న సూత్రం మీదే పనిచేస్తాయి. అంతకుముందు ఆయన కొన్నేళ్లు కొలిమి ముందు గడిపారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర ఒక పేద కమ్మరి ఇంట పుట్టారు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఆ పిల్లవాడికి ఒక్క రొట్టె ఇచ్చి వారమంతా సరిపెట్టుకోమన్నారు. బడిలో నేర్చింది చదవడం, రాయడం, కాస్త లెక్కలు మాత్రమే. 14వ ఏట పుస్తకాల బైండింగ్ పనిలో కుదిరారు. కుట్టిన పుస్తకాలనే తీరిక వేళల్లో చదివారు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును బైండ్ చేసి ఆయనకే పంపారు. ఆ నోట్సే 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగానికి దారి చూపింది. డేవీ దంపతుల వెంట యూరప్ వెళ్లినప్పుడు డేవీ భార్య ఆయన్ని నౌకర్లతో కలిసి తినమన్నారు. ఆ అవమానం దిగమింగారే గానీ నేర్చుకోవడం మానలేదు.

1818 ప్రాంతంలో కత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు పరీక్షలు మొదలుపెట్టారు. ముందుగా చూసినవాటిలో మన దేశపు ‘వూట్జ్’ ఒకటి. మన ‘ఉక్కు’ మాటే అలా మారిందంటారు. తెలంగాణలోని కోనసముద్రం అలాంటి ఉక్కుకే పేరుపొందింది. దాని గొప్పతనం అల్యూమినియం వల్ల వచ్చిందని ఫారడే భావించారు. అది సరికాదని, అసలు బలం సుమారు 1.5 శాతం కార్బన్‌దని తర్వాత తేలింది. అయినా ఆ వెతుకులాటే ఆయన చేత ఉక్కులో వెండి, ప్లాటినం, నికెల్, క్రోమియం కలిపించింది. 500 పాళ్ల ఉక్కులో ఒక పాలు వెండి కలిసేది. అంతకు మించితే చల్లారేటప్పుడు వెండి బయటికి వచ్చేసేది. ఆ ఫలితాలు 1820, 1822లలో అచ్చయ్యాయి. 1823లో స్టోడార్ట్ మరణించాక ఆ పని ఎంతోకాలం సాగలేదు. ఫారడే దాచిన ముక్కలను హాడ్‌ఫీల్డ్ పరీక్షించి 1931లో పుస్తకం రాశారు.

పోత ఇనుముదీ ఇదే కథ. అందులో కార్బన్ పలుచని గ్రాఫైటు రేకులుగా ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ రేకుల వెంటే పగులు పాకుతుంది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే, నూటికి 0.05 పాళ్లు నిలిచినా చాలు, రేకులు గుండ్రని గుళికలవుతాయి. అప్పుడు ఇనుము సులభంగా పగలదు, కొంత వంగుతుంది కూడా. 1940లలో వచ్చిన పద్ధతి ఇది. క్రోమియం కలిపితే కార్బన్ గట్టి కార్బైడుగా మారుతుంది. ఇనుము అరగదు గానీ పెళుసవుతుంది.

సర్ బిరుదు వద్దన్న ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. ఏ ఇంట పుట్టామన్నది మన చేతిలో లేదు. మనలో ఏం కలుపుకుంటామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. రోజూ ఒక గంట చదువు చాలా చిన్న పాలే కావచ్చు. ఇనుము గుణం మార్చేదీ అంత చిన్న పాలే కదా, మిత్రులారా!