కార్వెట్ కారును తీర్చిదిద్దిన ఉద్యోగి - జోరా ఆర్కస్-డంటోవ్



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. దేశనాయకులను, కవులను గురించి నాకన్నా బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత నేను మనవంటి ఒక జీతగాడిని ఎంచుకున్నాను. ఆయన కంపెనీ యజమాని కాదు. పైవారికి నోట్లు పెట్టి, కొన్నిటికి మంజూరు పొంది, కొన్నిటికి తిరస్కారం పొంది, వయసు రాగానే పదవీ విరమణ చేసిన ఇంజనీరు. పేరు జోరా ఆర్కస్-డంటోవ్. అమెరికాలో స్పోర్ట్స్ కార్ల మీద అభిమానం ఉన్నవారికి ఆయన సుపరిచితులు.

డంటోవ్ గారు 1909 డిసెంబరు 25న బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, రష్యాకు చెందిన యూదు దంపతులకు జన్మించారు. బాల్యం రష్యాలో గడిచింది. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత, సవతి తండ్రి ఇంటిపేరైన డంటోవ్‌ను కన్నతండ్రి ఇంటిపేరైన ఆర్కస్‌కు చేర్చుకున్నారు. ఇద్దరినీ గౌరవించిన ఈ పద్ధతి నాకు నచ్చింది. 1927లో కుటుంబం బెర్లిన్ చేరింది. అక్కడే ఇంజనీరింగ్ చదివి 1934లో పట్టా పొందారు. కుర్రతనంలో మోటారు సైకిలు మీద చేసే విన్యాసాలు చూసి ఇంట్లోవారు భయపడి, అది మాని కారు నడుపుకొమ్మన్నారట. ప్రమాదం తగ్గుతుందని వారనుకున్నారు గాని, ఆయన కారుతో కూడా పందేలకే వెళ్ళారు.

1939లో ఎల్ఫీ అనే జర్మన్ నర్తకిని వివాహమాడారు. యుద్ధం రాగానే తమ్ముడు యూరాతో కలిసి ఫ్రెంచి వైమానిక దళంలో చేరారు. 1940లో ఫ్రాన్సు లొంగిపోయింది. యూదులకు అది ప్రాణగండం. ఎల్ఫీ పారిస్ నుండి తన చిన్న కారులో, జర్మన్ సేనల కంటే ముందుగా దక్షిణానికి తరలివచ్చి భర్తను కలుసుకున్నారు. కుటుంబమంతా స్పెయిన్, పోర్చుగల్ మీదుగా ఓడ ఎక్కి న్యూయార్క్ చేరింది. అక్కడ అన్నదమ్ములిద్దరూ ఆర్డన్ అనే వర్క్‌షాపు పెట్టి సైన్యానికి విడిభాగాలు చేసి ఇచ్చారు. యుద్ధానంతరం ఫోర్డ్ ఇంజను బలం పెంచే అల్యూమినియం సిలిండర్ హెడ్లు తయారు చేశారు. వ్యాపారం నిలబడలేదు. నలభై దాటిన వయసులో మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది.

1953 జనవరిలో న్యూయార్క్‌లో జనరల్ మోటార్స్ వారి ప్రదర్శన జరిగింది. అందులో షెవ్రొలె విభాగం వారు కార్వెట్ అనే రెండు సీట్ల కారును ప్రదర్శించారు. డంటోవ్ గారు దాని అందానికి ముగ్ధులయ్యారు. మూత ఎత్తి చూస్తే లోపల సాధారణ కుటుంబ కారుకు వాడే ఆరు సిలిండర్ల ఇంజను, రెండే గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు. రూపం పందెపు గుర్రానిది, నడక బండి ఎద్దుది. వెంటనే కంపెనీకి ఉత్తరం వ్రాసి, 1953 మే 1న అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. చేరి రెండు నెలలైనా కాకముందే ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో కారు నడపడానికి సెలవు అడిగి పైవారికి కోపం తెప్పించారు. అయినా వెళ్ళివచ్చారు. ఆ తరువాత 1954లోను, 1955లోను అదే పందెంలో పోర్షే కారు నడిపి 1100 సి.సి. తరగతిలో విజేతగా నిలిచారు.

1953 డిసెంబరులో ఆయన పెట్టిన ఒక నోటు కంపెనీ చరిత్రలో ప్రసిద్ధి పొందింది. వేగం మీద మోజున్న కుర్రవాళ్ళు ఫోర్డ్ ఇంజన్లనే వాడుతున్నారు. వయసు వచ్చాక కొనేది కూడా ఫోర్డ్ కారే. వారికి కావలసిన విడిభాగాలు మనమే తయారుచేసి ఇస్తే మన వైపు వస్తారు అని దాని సారాంశం. కొత్తగా చేరిన ఉద్యోగి వ్యాపార విధానం మీద పైవారికి నోటు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆ సమయంలో కార్వెట్ పరిస్థితి దయనీయంగా ఉంది. 1953లో 300, 1954లో 3,640 కార్లు తయారైతే వాటిలో చాలా కార్లు వెంటనే అమ్ముడుపోలేదు. 1955లో తయారైనవి 700 మాత్రమే. అదే ఏడాది ఫోర్డ్ వారి రెండు సీట్ల థండర్‌బర్డ్ 16 వేలకు పైగా అమ్ముడుపోయింది. కార్వెట్‌ను ఎత్తివేయాలన్న ఆలోచన కంపెనీలో బలపడింది. అయితే 1955లో దానికి ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను వచ్చింది. ఆ ఇంజనుకు డంటోవ్ గారు కొత్త క్యామ్‌షాఫ్టు రూపొందించారు. 1956 జనవరిలో ఫ్లోరిడాలోని డేటోనా సముద్రతీరపు ఇసుక మీద స్వయంగా కార్వెట్ నడిపి, రెండు దిక్కుల సగటున గంటకు 150.583 మైళ్ళ వేగం అందుకున్నారు. అంటే సుమారు 242 కిలోమీటర్లు. అదే సంవత్సరం కంపెనీ పరీక్షా మైదానంలో కారు ప్రమాదంలో వెన్నుపూస విరిగింది. నడుముకు కట్టుతోనే తిరిగి పనిలోకి వచ్చారు.

1957లో అమెరికన్ కార్ల కంపెనీల సంఘం పందేలకు కంపెనీలు సాయం చేయరాదని తీర్మానించింది. డంటోవ్ గారికి అది గొంతులో వెలక్కాయ పడినట్లయింది. ఎందుకంటే ఆయన దృష్టిలో పందెం వినోదం కాదు, తనిఖీ. కారు మంచిదని కంపెనీ ప్రకటనలో వ్రాసుకోవచ్చు. కాని ట్రాకు మీద ప్రత్యర్థి పక్కన నిలబెట్టి గడియారం పట్టుకుంటే ఎవరి సిఫారసూ పనికిరాదు.

ఆ తనిఖీ 1962 అక్టోబరు 13న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో జరిగింది. అప్పటికి వెనుక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ గల 1963 మోడల్ కార్వెట్ స్టింగ్ రే తయారైంది. పందేల కోసం పెద్ద బ్రేకులతో జెడ్-06 అనే ప్రత్యేక ఏర్పాటు కూడా చేశారు. ఎదురుగా వచ్చింది క్యారల్ షెల్బీ గారి కోబ్రా. షెల్బీ గారు 1959లో లె మాన్స్ గెలిచి, గుండెజబ్బు వల్ల పందేలు మానిన డ్రైవరు. ఇంగ్లండులోని ఏ.సి. కంపెనీ వారి తేలికపాటి కారులో ఫోర్డ్ వి-8 ఇంజను అమర్చి కోబ్రా తయారు చేశారు.

మూడు గంటల పందెం. కోబ్రా ముందు దూసుకుపోయింది. కాని వెనుక చక్రపు భాగం విరిగి ఆగిపోయింది. చివరకు డగ్ హూపర్ నడిపిన కార్వెట్ గెలిచింది. లెక్క ప్రకారం విజయం షెవ్రొలెదే. అయితే డంటోవ్ గారు సంబరపడలేదు. కార్వెట్ ఇంజను పెద్దదే, బలం 360 గుర్రాలు. కాని కోబ్రా దానికన్నా సుమారు 400 కిలోలు తేలిక. నాలుగు బస్తాల బియ్యం ఎక్కించుకున్న బండి, ఖాళీ బండి పోటీపడినట్లు! బరువు ఎక్కువైతే మలుపు దగ్గర ముందుగా బ్రేకు వేయాలి, బ్రేకులు వేడెక్కుతాయి, టైర్లు అరుగుతాయి, మలుపు దాటాక మళ్ళీ వేగం పుంజుకోవడం ఆలస్యమవుతుంది. ప్రతి మలుపులోను పోయే క్షణాలు మూడు గంటల్లో మైళ్ళుగా మారతాయి. విరిగిన భాగాన్ని షెల్బీ మనుషులు బాగుచేసుకుంటే ఇక కార్వెట్ నిలవదని ఆయన గ్రహించారు. 1963లో అలాగే జరిగింది. కోబ్రాలు వరుసగా గెలిచాయి.

దానికి ఆయన సమాధానం గ్రాండ్ స్పోర్ట్. బరువు సుమారు 900 కిలోలకు తగ్గించిన ప్రత్యేక కార్వెట్. 125 కార్లు తయారుచేయాలని సంకల్పం. ఐదు పూర్తయ్యేసరికి 1963 జనవరిలో పందేల పని మొత్తం ఆపమని పైనుంచి ఉత్తరువులు వచ్చాయి. ఆ ఐదింటిలో మూడు మాత్రం 1963 డిసెంబరులో బహామాస్‌లోని నాసావులో, జాన్ మీకమ్ అనే టెక్సాస్ ధనికుని జట్టు పేరిట ప్రత్యక్షమయ్యాయి. చిత్రమేమంటే, షెవ్రొలె ఇంజనీర్లు కొందరు సెలవు మీద సరిగ్గా అదే వారంలో నాసావులో ఉన్నారు! గ్రాండ్ స్పోర్టులు కోబ్రాలను స్పష్టంగా వెనుకకు నెట్టాయి. తరువాత కంపెనీ మరింత గట్టిగా పట్టుబట్టడంతో ఆ అధ్యాయం ముగిసింది. 1965లో షెల్బీ కార్లు ఫెరారీని దాటి ప్రపంచ జి.టి. చాంపియన్‌షిప్ గెలిచాయి. ఆ కార్ల ఆకారం గీసిన పీటర్ బ్రాక్, అంతకుముందు జనరల్ మోటార్స్‌లో ఉద్యోగిగా స్టింగ్ రే రూపానికి తొలి బొమ్మలు గీసినవారే కావడం విశేషం.

డంటోవ్ గారి అసలు కోరిక వేరొకటి ఉంది. ఇంజను డ్రైవరు ముందు గాక, వెనుక, ఇరుసుకు ముందుగా ఉండాలని. ఎడ్లబండిలో బస్తాలు సర్దే రైతుకు ఈ సంగతి తెలుసు. బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది, వెనక్కి పడితే కాడి లేస్తుంది. కారులోను బరువు సరిగ్గా కుదిరితే మలుపులో అదుపు, వెనుక చక్రాలకు పట్టు రెండూ దొరుకుతాయి. ఈ పద్ధతిలో 1960 నుంచి నమూనాలు తయారుచేసి చూపుతూనే ఉన్నారు. 1970లో ఒకటి న్యూయార్క్ ప్రదర్శన దాకా వెళ్ళింది. ఉన్న కార్వెట్ బాగానే అమ్ముడుపోతున్నది, ఇంకా ఖర్చు దేనికని పైవారు అనుమతించలేదు. 1975లో, 65 ఏళ్ళు నిండి, ఆ ఫైలు తేలకుండానే ఆయన పదవీ విరమణ చేశారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకుంటాను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పాత రికార్డులకు విషయసూచిక తయారుచేయాలని మూడుసార్లు నోటు పెట్టాను. నేను రిటైరయ్యేనాటికి అది అలాగే ఉంది. మనలో చాలామందికి ఇటువంటి ఫైలు ఒకటి గుండెల్లో మిగిలే ఉంటుంది. అందుకే డంటోవ్ గారి విశ్రాంత జీవితం నన్ను ఆకట్టుకుంది. ఆయన ముఖం ముడుచుకుని ఇంట్లో కూర్చోలేదు. కార్వెట్ యజమానుల సమావేశాలకు వెళ్ళేవారు, తన తరువాత వచ్చిన ఇంజనీర్లతో వాదించేవారు. 1992 జులైలో పదిలక్షలవ కార్వెట్ కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీ నుండి వెలువడినప్పుడు అక్కడ ఉన్నారు. 1996 ఏప్రిల్ 21న, 86 ఏళ్ళ వయసులో పరమపదించారు. ఆయన అస్థికలు బౌలింగ్ గ్రీన్‌లోని కార్వెట్ మ్యూజియంలో భద్రపరిచారు.

2019 జులైలో ఆ ఫైలు తేలింది. ఇంజను డ్రైవరు వెనుక ఉన్న కార్వెట్‌ను కంపెనీ ఆవిష్కరించింది. ఆయన రిటైరైన 44 ఏళ్ళకు! పాత పోటీ కూడా చల్లారలేదు. జర్మనీలో సుమారు 20.8 కిలోమీటర్ల నుర్బుర్గ్‌రింగ్ ట్రాకును 2025లో ఫోర్డ్ వారి మస్టాంగ్ జి.టి.డి. 6 నిమిషాల 52.072 సెకన్లలో చుట్టింది. దాని ఇంజను ముందువైపే. అదే ఏడాది కార్వెట్ జెడ్.ఆర్.1కు 6 నిమిషాల 50.763 సెకన్లు, ముందు చక్రాలకు విద్యుత్ మోటారు చేర్చిన జెడ్.ఆర్.1.ఎక్స్.కు 6 నిమిషాల 49.275 సెకన్లు పట్టింది. ఫోర్డ్ కారును నడిపినది వృత్తి డ్రైవరు. రెండు కార్వెట్లను నడిపినవారు కంపెనీ ఇంజనీర్లే. తాను చేసిన కారును తానే నడిపి చూడాలన్న డంటోవ్ గారి అలవాటు ఆ కార్యాలయంలో ఇంకా బ్రతికే ఉందన్నమాట.

పని పూర్తికాకుండా కుర్చీ దిగినంత మాత్రాన ఆ పని వృథా కాదని నాకు ఈ జీవితం చెప్పింది. అయితే ఆయన తన ఆలోచనను మనసులో దాచుకోలేదు. కాగితం మీద పెట్టారు, నమూనా చేసి చూపారు, వెనుక వచ్చేవారికి అప్పగించారు. మన సభ్యులు కూడా తమ తమ శాఖలలోని అనుభవాలను, మిగిలిపోయిన ఆలోచనలను వ్రాసి మన పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను.