పదిహేనున ఆమె పుట్టినరోజు, పదహారున ఆ వీధి పండుగ

వేసవి వచ్చిందంటే మన విచారణల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లలు న్యూజెర్సీలోనో న్యూయార్క్‌లోనో ఉంటారు. పెద్దలు మనవల్ని చూసుకోవడానికి బయలుదేరతారు. వెళ్లినవారు నయాగరా చూస్తారు, స్వేచ్ఛా విగ్రహం ముందు ఫోటో దిగుతారు, తిరిగి వచ్చేస్తారు. ఈ జూలైలో అక్కడ ఉండబోయే మన పాఠకులకు ఒక చిన్న మనవి. 15, 16 తేదీలు ఖాళీగా ఉంచుకోండి.

జూలై 16 కార్మెల్ మాత పండుగ. ఆ రోజు న్యూయార్క్ నగరంలోని ఈస్ట్ హార్లెమ్‌లో, 115వ వీధిలో ఉన్న కార్మెల్ మాత విచారణవారు మాత స్వరూపాన్ని వీధుల్లో ఊరేగిస్తారు. 1880ల మొదట్లో ఇటలీ దక్షిణ ప్రాంతం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన పేదలు మొదలుపెట్టిన పండుగ ఇది. ఊరేగింపు, జపమాల, పాటలు, వీధి పక్క తినుబండారాలు, అన్నీ ఉంటాయి. అయితే ఊరికే వెళ్లి చూసి వస్తే అది మనకు ఒక తిరునాళ్లలాగే కనిపిస్తుంది. ఆ పండుగ చేసుకున్న జనం ఎవరు, వాళ్లు ఏ స్థితిలో ఉండి చేసుకున్నారు అన్నది తెలియాలంటే ఒక తల్లి జీవితం తెలియాలి. ఆమె పుట్టినరోజు సరిగ్గా పండుగకు ముందురోజు, జూలై 15. ఆమే పునీత ఫ్రాన్సిస్ జేవియర్ కబ్రీని. లోకమంతా మదర్ కబ్రీని అని పిలుస్తుంది.

1850లో ఉత్తర ఇటలీలో, లోదీ మేత్రాసనానికి చెందిన సాంతాంజెలో అనే ఊళ్లో ఆమె పుట్టింది. తండ్రి అగొస్తీనో, తల్లి స్తెల్లా వ్యవసాయ కుటుంబీకులు. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆ ఇంట్లో అంతకుముందు పుట్టిన పిల్లలు ఎంతోమంది చిన్నతనంలోనే పోయారు. ఈ పిల్ల కూడా దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. పేరు మరియా ఫ్రాంచెస్కా. దక్కింది గానీ జీవితమంతా బలహీనురాలిగానే ఉండిపోయింది.

ఆమె మేనమామ ఒక గురువు. దగ్గరి పల్లెలో ఆయన ఇంటి పక్కనే ఒక కాలువ పారేది. సెలవులకు అక్కడికి వెళ్లినప్పుడు ఈ పిల్ల కాగితంతో చిన్న పడవలు చేసి, వాటి నిండా ఊదారంగు వయొలెట్ పూలు పెట్టి నీళ్లలో వదిలేది. ఆ పూలు వేదబోధకులట, పడవలు చైనా దేశానికి పోతున్నాయట. ఒకరోజు అలా వదులుతూ తనే కాలువలో పడిపోయింది. ఎవరో బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ నీళ్లంటే భయం మాత్రం చచ్చేదాకా పోలేదు. ఈ భయం సంగతి గుర్తుపెట్టుకోండి. ఇదే మనిషి తర్వాత అట్లాంటిక్ సముద్రాన్ని ఇరవైసార్లకు పైగా దాటింది.

ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసింది. 1870లో తల్లిదండ్రులిద్దరూ చనిపోయారు. మశూచి రోగులకు సేవ చేస్తూ తానూ ఆ జబ్బున పడి లేచింది. మఠంలో చేరతానంటే ఆరోగ్యం చాలదని తిప్పి పంపారు. ఒకచోట కాదు, రెండోచోటా అదే జవాబు. 1874లో కొదోన్యో అనే ఊళ్లో ఒక అనాథ శరణాలయాన్ని చక్కదిద్దమని గురువులు ఆమెను పంపారు. కొద్ది రోజులకని వెళ్లిన మనిషి ఆరేళ్లు ఉండిపోయింది. ఆ శరణాలయాన్ని నడిపే ఆవిడ పెట్టిన బాధలు అన్నీ ఇన్నీ కావు. 1877లో అక్కడే ఆమె మాటపట్టులు తీసుకుంది. తన పేరుకు జేవియర్ అని చేర్చుకున్నది ఆ రోజుల్లోనే. ఆసియా దేశాల్లో సువార్త ప్రకటించిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారి మీద ఉన్న భక్తి అది. మన పల్లెల్లో శౌరి, శౌరమ్మ, శౌరయ్య అని పేర్లు పెట్టుకునేది కూడా ఆ పునీతుడి పేరే.

1880లో ఆ శరణాలయం మూతపడింది. వేదబోధక మఠకన్యల సభ ఏదీ తనకు తెలియదనీ, కావాలంటే ఆమెనే ఒకటి స్థాపించమనీ లోదీ మేత్రాణులు చెప్పారు. ఒక ఇల్లు వెతుక్కుంటానని ఆమె బదులిచ్చింది. పాడుబడిన ఫ్రాన్సిస్కన్ మఠం ఒకటి దొరికింది. అదే ఏడు నవంబరులో కొద్దిమంది తోటి కన్యలతో యేసు తిరుహృదయ మిషనరీ సిస్టర్ల సభ మొదలైంది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు.

మనసు మాత్రం ఇంకా చైనా మీదే ఉంది. 1887లో రోమ్ నగరానికి వెళ్లింది. ఆ సమయంలో ఇటలీ నుంచి లక్షల మంది అమెరికాకు వలస పోతున్నారు. వారి దురవస్థ చూసి కలతపడిన మేత్రాణులు స్కలబ్రీనివారు న్యూయార్క్ వెళ్లమని ఆమెను అడిగారు. ఆమెకు ఇష్టం లేదు. చివరికి 13వ లియో పోపుగారిని సలహా అడిగితే, తూర్పుకు కాక పడమటికి వెళ్లమని ఆయన చెప్పారు. చిన్నప్పటి నుంచి పెంచుకున్న కోరిక ఒక్క మాటతో పోయింది. ఆమె ఎదురు చెప్పలేదు.

1889 మార్చి 31న ఆరుగురు సిస్టర్లతో ఆమె న్యూయార్క్ రేవులో దిగింది. వానపడే రాత్రి. వాళ్ల కోసం సిద్ధంగా ఉండాల్సిన ఇల్లు లేదు. దొరికిన అద్దె గదిలో నల్లులు, ఎలుకలు, మురికి పరుపులు. పడుకునే వీలు లేక రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. తెల్లవారాక అగ్రపీఠాధిపతులు కొరిగన్‌వారిని కలిశారు. ఇంకొంత కాలం ఆగమని తాను రాసిన ఉత్తరం వాళ్లకు చేరలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. వచ్చిన ఓడలోనే తిరిగి వెళ్లిపోవడం మంచిదని ఆయన అభిప్రాయం. కబ్రీని తల్లి మర్యాదగానే, గట్టిగానే కుదరదంది. పోపుగారు పంపారు కనుక ఉంటామని చెప్పి ఉత్తరాలు చూపించింది. పెద్దలకు విధేయత అంటే నోరు మూసుకోవడమని అనుకునేవారు ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగితే బాగుంటుంది. కొద్ది వారాల్లోనే అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచింది. ఖర్చులకు డబ్బు లేదు. సిస్టర్లు బుట్టలు పట్టుకుని ఇటలీవాళ్ల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తారు. ఇచ్చినవాళ్లూ పేదలే.

ఆ పేదలు ఎలా బతికేవారో చెప్పాలి. ఒక్కో గదిలో రెండు మూడు కుటుంబాలు. మగవాళ్లు సొరంగాలు తవ్వేవారు, రోడ్లు వేసేవారు, గనుల్లో దిగేవారు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని కూలికి బట్టలు కుట్టేవారు. భాష రాదు. జబ్బు చేస్తే ఆసుపత్రిలో తమ బాధ చెప్పుకోవడానికి మనిషి లేడు. అన్నిటికంటే నొప్పించేది గుడి సంగతి. చాలా దేవాలయాల్లో ఇటలీవారికి పై అంతస్తులో చోటు ఉండేది కాదు. వాళ్ల పూజ కింద నేలమాళిగలో జరిగేది. మనం చూడబోయే 115వ వీధి గుడిలోనూ ఎన్నో ఏళ్లపాటు అదే ఏర్పాటు. తమ చేతులతో రాళ్లు మోసి కట్టుకున్న గుడిలో వాళ్లకు దక్కింది కింది భాగం. వీధిలో చెప్పుల్లేకుండా నడుస్తూ, పెద్ద పెద్ద కొవ్వొత్తులు మోస్తూ, మొక్కుబడిగా మైనపు కాళ్లు చేతులు సమర్పిస్తూ వారు చేసే పండుగను చూసి, అప్పటికే అక్కడ స్థిరపడిన ఐరిష్ క్రైస్తవులు సిగ్గుపడేవారు. ఇదేం భక్తి అనేవారు. గుణదల కొండ ఎక్కేవాళ్లను చూసి ఇలాంటి మాట అనే చదువుకున్నవాళ్లు మన మధ్యా ఉన్నారు కదా. లోపల చోటు దొరకని జనానికి వీధే గుడి అయింది.

కబ్రీని తల్లి వాళ్లను వాళ్ల భాషలోనే పలకరించింది. పిల్లలకు జ్ఞానోపదేశం, బడి. జైళ్లలో ఉన్నవారికి సందర్శన. 1892లో న్యూయార్క్‌లో కొలంబస్ ఆసుపత్రి. నిజానికి ఆసుపత్రి పని ఆమెకు మొదట ఇష్టం లేదు. కానీ రోగులు ఎదురుగా ఉన్నారు.

అంతకు ముందు ఏడు, 1891 మార్చిలో, న్యూ ఓర్లీన్స్ నగరంలో ఒక పోలీసు అధికారి హత్య కేసులో పట్టుబడిన ఇటలీవారి మీదికి జనం విరుచుకుపడ్డారు. జైలు తలుపులు పగలగొట్టి పదకొండు మందిని చంపారు. కోర్టు వారిలో కొందరిని నిర్దోషులని విడిచిపెట్టిన మరునాడే ఇది జరిగింది. ఇటలీ పేరు చెబితేనే అనుమానంగా చూసే ఆ ఊరికి 1892లో ఆమె తన సిస్టర్లను తీసుకుపోయింది. బడి, అనాథ శరణాలయం పెట్టింది. 1905లో అక్కడ పచ్చజ్వరం వ్యాపించినప్పుడు ఇల్లిల్లూ తిరిగి సేవ చేసింది ఆ సిస్టర్లే.

తర్వాతి ఊళ్లన్నీ చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు. డెన్వర్, సియాటిల్, షికాగో, నికరాగ్వా, బ్రెజిల్. అర్జెంటీనా వెళ్లడానికి కంచరగాడిద మీద ఆండీస్ పర్వతాలు దాటింది. కొలరాడోలో ఆమె సిస్టర్లు గనుల లోపలికి దిగి కార్మికులను పలకరించేవారు. 1909లో ఆమె సియాటిల్‌లో అమెరికా పౌరసత్వం తీసుకుంది.

షికాగోలో ఆసుపత్రి కోసం ఒక పాత హోటల్ కొన్నప్పటి కథ ఒకటి చెబుతారు. అమ్మేవాళ్లు స్థలం కొలతలో కొంత తగ్గించి ఇవ్వబోతున్నారని ఆమెకు అనుమానం వచ్చింది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే ఇద్దరు సిస్టర్లను తాళ్లు ఇచ్చి పంపి స్థలం కొలిపించింది. అనుమానం నిజమైంది. రాసుకున్నంత స్థలమూ ఇవ్వక వాళ్లకు తప్పలేదు. పునీతులంటే కళ్లు పైకెత్తి చేతులు జోడించుకున్న బొమ్మలే మనకు గుర్తొస్తాయి. ఈ పునీతురాలు తాడు చివర పట్టుకుని స్థలం కొలిపించే రకం. నాకైతే ఆమె బొమ్మల్లో కంటే ఈ కథలోనే ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది.

ఆమె ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. చివరి రోజుల్లో మలేరియా కుంగదీసింది. 1917 డిసెంబరులో షికాగో ఆసుపత్రిలో పిల్లలకు క్రిస్మస్ మిఠాయిలు సిద్ధం చేస్తూ ఉన్న రోజుల్లోనే, 22వ తేదీన, తన గదిలో కుర్చీలో కూర్చుని ప్రాణం విడిచింది. వయసు 67. ఆమె స్థాపించిన సంస్థలూ 67 అని లెక్క. 1946 జూలై 7న 12వ పయస్ పోపుగారు ఆమెకు పునీతపట్టం ఇచ్చారు. అమెరికా పౌరుల్లో ఆ పట్టం పొందిన మొదటి వ్యక్తి ఆమే. 1950లో వలసదారుల పాలకపునీతురాలిగా ప్రకటించారు.

ఇక ప్రయాణం సంగతి. జూలై 15న మన్‌హాటన్ ఉత్తర కొసన, ఫోర్ట్ వాషింగ్టన్ అవెన్యూలో ఉన్న ఆమె పుణ్యక్షేత్రానికి వెళ్లండి. ఏ రైలు ఎక్కి 190వ వీధి స్టేషన్‌లో దిగాలి. అక్కడ పీఠం కింద అద్దాల పేటికలో ఆమె భౌతిక శేషాలు ఉన్నాయి. ముఖం మైనంతో చేసినది, పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే జడుసుకుంటారు. మరునాడు ఈస్ట్ హార్లెమ్‌కు 6వ నంబరు రైలు, 116వ వీధి స్టేషన్. అక్కడి నుంచి తూర్పుగా కొంత దూరం నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కారు పెట్టుకోవడం మేలు. పూజల వేళలు, ఊరేగింపు వేళలు ముందుగా విచారణ కార్యాలయంలో కనుక్కోండి. జూలై ఎండ అక్కడా తక్కువేం కాదు. టోపీ, మంచినీళ్లు, మెత్తని చెప్పులు మరిచిపోవద్దు.

వెళ్లాక ఒకటి గమనిస్తారు. ఆ వీధుల్లో ఇప్పుడు ఇటలీ కుటుంబాలు చాలా తక్కువ. వాళ్ల మనవలు శివార్లకు తరలిపోయారు, పండుగకు మాత్రం తిరిగి వస్తారు. మాత వెనక ఇప్పుడు పెద్ద సంఖ్యలో నడిచేది హైతీ దేశం నుంచి వలస వచ్చిన భక్తులు. వాళ్ల పాటలు వాళ్ల భాషలో ఉంటాయి. మన గుణదలలో లూర్దుమాత స్వరూపాన్ని 1924లో నెలకొల్పిన ఆర్లాటిగారు కూడా ఇటలీ నుంచి వచ్చిన గురువే. ఆయన తెచ్చిన మాతకు మనవాళ్లు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు సమర్పిస్తారు. కనుక అక్కడ నిలబడి మీరు తెలుగులో ఒక మరియ గీతం అందుకున్నా ఎవరూ వింతగా చూడరు.

పూజ అయిపోయాక వెంటనే వీధిలోకి పరుగెత్తకండి, వేయించిన పిండివంటలు సాయంత్రం దాకా దొరుకుతాయి. ముందు అక్కడి పెద్దవారెవరినైనా అడిగి, గుడి కింది భాగం ఎటువైపో తెలుసుకుని ఒకసారి చూసి రండి.