దుకాణాల అద్దెతో ఊరందరికీ చదువు: థామస్ గ్రెషామ్ కథ

బీకాం చదివినవాళ్లకు గ్రెషామ్ సూత్రం గుర్తుండే ఉంటుంది. చెడ్డ డబ్బు మంచి డబ్బును బజారు నుంచి తరిమేస్తుందన్నదే ఆ సూత్రం. పరీక్షల కోసం నేనూ బట్టీ పట్టాను. కానీ ఆ గ్రెషామ్ ఎవరో, ఆయన వదిలి వెళ్లిన అసలు ఆస్తి ఏమిటో క్లాసులో ఎవరూ చెప్పలేదు. తెలిశాక మాత్రం మన వక్ఫ్ గుర్తుకొచ్చింది.

థామస్ గ్రెషామ్ 1519 ప్రాంతంలో లండన్‌లో పుట్టాడు. తండ్రి రిచర్డ్ పెద్ద బట్టల వ్యాపారి, లండన్ మేయర్‌గా కూడా చేశాడు. కొడుకును కేంబ్రిడ్జిలో చదివించి, ఆ తర్వాత వ్యాపారం నేర్చుకోమని తమ్ముడు జాన్ దగ్గర పెట్టాడు. 1543లో థామస్‌కు బట్టల వర్తకుల సంఘంలో సభ్యత్వం దొరికింది. మరుసటి ఏడాది ఆనీ అనే వితంతువును పెళ్లి చేసుకున్నాడు.

ఆ రోజుల్లో యూరప్ డబ్బంతా ఆంట్‌వర్ప్ రేవులో తిరిగేది. ఇంగ్లండ్ రాజులు అక్కడి షావుకార్ల దగ్గర వడ్డీకి అప్పులు తెచ్చి, తీర్చలేక అవస్థ పడేవారు. 1550ల మొదట్లో ఆ అప్పుల లెక్క గ్రెషామ్ చేతికి వచ్చింది. ఆరవ ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ ముగ్గురికీ పనిచేశాడు. లంచాలు ఇచ్చాడు, వెండి బంగారాలు దొంగచాటుగా దాటించాడు, తనూ బాగా సంపాదించుకున్నాడు. ఆయన్ని వలీ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. వడ్డీ లావాదేవీల్లో మునిగిన మనిషే.

ఎనిమిదో హెన్రీ నాణేల్లో వెండి తగ్గించి రాగి కలిపాడు. దాంతో మంచి నాణేలను జనం దాచేసుకున్నారు, బజారులో కల్తీవే మిగిలాయి. ఈ సంగతిని 1558లో గ్రెషామ్ కొత్త రాణి ఎలిజబెత్‌కు రాసి పంపాడు. దానికి సూత్రం అని పేరు పెట్టింది మాత్రం మూడొందల ఏళ్ల తర్వాత మెక్లియాడ్ అనే ఆర్థికవేత్త. నిజానికి గ్రెషామ్ పుట్టకముందే కైరోలో చరిత్రకారుడు అల్ మఖ్రీజీ రాగి ఫులూస్ వచ్చి వెండి దిర్హములు కనబడకుండా పోయిన తీరు రాసిపెట్టాడు.

1564లో గ్రెషామ్ కొడుకు రిచర్డ్ చిన్న వయసులోనే చనిపోయాడు. ఇంత సంపాదన ఎవరి కోసం? ఆ మరుసటి ఏడాదే ఆయన నగర పెద్దల ముందు ఒక మాట పెట్టాడు. వర్తకులు లొంబార్డ్ వీధిలో ఎండావానల్లో నిలబడి బేరాలు చేస్తున్నారు, స్థలం మీరు ఇస్తే భవనం నా ఖర్చుతో కడతానన్నాడు. 1566లో పునాది పడింది. 1571 జనవరిలో ఎలిజబెత్ స్వయంగా వచ్చి దానికి రాయల్ ఎక్స్ఛేంజ్ అని పేరు పెట్టింది. పైఅంతస్తు నిండా అద్దె దుకాణాలే.

అసలు సంగతి ఆ అద్దెలదే. గ్రెషామ్ 1575లో వీలునామా రాశాడు. భార్య బతికున్నంతకాలం ఆదాయం ఆమెకే. ఆ తర్వాత ఎక్స్ఛేంజ్ లండన్ నగరానికి, వర్తకుల సంఘానికి చెరి సగం. ఆ అద్దెల్లోంచి ఏడుగురు పండితులకు ఏడాదికి 50 పౌండ్ల చొప్పున జీతం ఇవ్వాలి. వాళ్లు ఆయన ఇంట్లోనే ఉండి ఖగోళం, రేఖాగణితం, వైద్యం, న్యాయం, మతశాస్త్రం, వక్తృత్వం, సంగీతం మీద జనానికి ఉచితంగా ఉపన్యాసాలు ఇవ్వాలి. 1579 నవంబర్‌లో ఆయన ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయాడు. 1596లో భార్య పోయింది. 1597లో ఉపన్యాసాలు మొదలయ్యాయి.

అప్పటికి ఇంగ్లండ్‌లో యూనివర్సిటీలు రెండే. అక్కడి చదువు లాటిన్‌లో సాగేది. ఇక్కడ మాత్రం ఇంగ్లీషులో కూడా చెప్పేవారు. ఫీజు లేదు. మొదటి గణిత ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్ లాగరిథమ్ పట్టికలను వాడుకకు వీలుగా మార్చాడు. తర్వాత వచ్చిన ఎడ్మండ్ గుంటర్ నావికులు దారి లెక్క కట్టుకునే కొలబద్ద తయారుచేశాడు. 1660లో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక అక్కడే కూర్చున్న కొందరు రాయల్ సొసైటీకి పునాది వేశారు.

అంతా సాఫీగా సాగలేదు. 1666 అగ్నిప్రమాదంలో ఎక్స్ఛేంజ్ కాలిపోయింది, మళ్లీ కట్టారు. తర్వాత తర్వాత ఆచార్యులు జీతం తీసుకుని ఉపన్యాసాలు ఎగ్గొట్టారు. 1768లో ధర్మకర్తలు ఏడాదికి 500 పౌండ్ల కోసం గ్రెషామ్ ఇంటిని సర్కారుకు అప్పగించారు. పన్నుల ఆఫీసు కోసం ఆ ఇంటిని కూలగొట్టారు. ఆస్తి ఉన్నా కాపాడేవాళ్లకు శ్రద్ధ లేకపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

అయినా వీలునామా చావలేదు. గ్రెషామ్ కాలేజీ ఇవాళ్టికీ ఉంది. లండన్‌లోని బర్నార్డ్స్ ఇన్ హాలులో సముద్ర చరిత్ర, సైన్స్, పర్యావరణ రాజకీయాల దాకా ఉపన్యాసాలు జరుగుతున్నాయి. ఇప్పటికీ ఉచితమే. డిగ్రీ ఇవ్వరు, పరీక్ష పెట్టరు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కూడా వినొచ్చు.

మన ఊళ్లలోనూ మస్జిద్‌ల కింద మల్గీలు ఉన్నాయి, నెల నెలా అద్దెలు వస్తున్నాయి. అందులో కొంత తీసి, వారానికి ఒక సాయంత్రం, తెలిసినవాళ్లను పిలిచి పిల్లలకూ పెద్దలకూ ఒక మంచి విషయం చెప్పించలేమా? కొడుకును పోగొట్టుకున్న ఒక బట్టల వ్యాపారి పెట్టిన ఏర్పాటు నాలుగొందల ఏళ్లు దాటినా నడుస్తోంది. సదఖా జారియా అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి వింటున్న మనకు ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మొదలుపెట్టడమే మిగిలింది.